ఆరో నంబరు

"ఆరో నంబరు పనికిరాదు, తీసెయ్," అంది లెక్కలక్క, కంప్యూటరు మీంచి కళ్ళు తిప్పకుండానే.

పరిశోధకురాలు గబగబా దగ్గరికి వచ్చింది. జన్యువుల లెక్కలు తేల్చే ఆ గదిలో లెక్కలక్క మాటకు తిరుగులేదు. ఇరవైమంది ఆరోగ్యవంతుల రక్తం ఉంటేనే పరిశోధన నిలబడుతుందని ప్లాను వేసిచ్చిందీ ఆవిడే. పంతొమ్మిదితో వెళితే పరిశోధనలు అచ్చేసే పత్రిక వాళ్ళు గుమ్మంలోంచే వెనక్కి పంపుతారు. గడువు చూస్తే ఈ సాయంత్రమే. రెండేళ్ళ కష్టం.

"దానికేం మాయరోగం అక్కా?"

"ఇందులో ఇద్దరి డిఎన్ఏ ఉంది. ఒకరిది నిండుగా, ఇంకొకరిది చిటికెడు. కబుర్లలో పడి ఒక ట్యూబులోది ఇంకోదాంట్లో కలిపేశావా ఏంటి?"

పరిశోధకురాలికి ఒళ్ళు మండింది. తననేమన్నా పడుతుంది గానీ, తన చేతిపనికి వంకపెడితే మాత్రం ఊరుకోదు.

"ఎలా కలుస్తుందక్కా? ఆ రక్తం నాదే! ఆ రోజు తీసింది ఆ ఒక్క ట్యూబే. మూత కూడా నా చేతుల్తో నేనే బిగించాను."

"డిఎన్ఏ అబద్ధం చెప్పదమ్మాయ్."

"నేనూ చెప్పను!"

ఆ జవాబు లెక్కలక్కకు నచ్చినట్టుంది. కుర్చీ ముందుకు జరుపుకుని, ఆ చిటికెడు డిఎన్ఏ ఎవరిదో పట్టుకుందామని మిగతా పంతొమ్మిది మందితో వరసగా సరిచూడటం మొదలుపెట్టింది. పరిశోధకురాలు గోళ్ళు కొరుక్కుంటూ వెనకాలే నిలబడింది. ఏడు కాదు. ఎనిమిదీ కాదు. తొమ్మిది దగ్గర లెక్కలక్క చెయ్యి ఆగిపోయింది.

"ఈ తొమ్మిదో నంబరు ఎవరు?"

"మా ఆయన. మనుషులు చాలక బతిమాలి ఇప్పించాను." అంటూనే ఆమె ముఖం పాలిపోయింది. "అయ్యో, ఆయన రక్తమే కలిసిందా? అయితే తప్పు నాదేనక్కా. నిన్ను అనవసరంగా మాటన్నాను."

ఎన్నడూ పళ్ళు కనపడేలా నవ్వని లెక్కలక్క పకపకా నవ్వింది. లేచి వచ్చి ఆమెను గట్టిగా వాటేసుకుంది.

"గడువు పెంచమని నేను రాస్తాలే గానీ, ముందు మీ ఆయనకి ఫోన్ చెయ్యవే పిచ్చిమొహమా! ఈ రెండో మనిషికి సగం నీ పోలిక, సగం ఆయన పోలిక!"