వసపిట్ట చోటు

మొదటి సగంలో వసపిట్ట మూడు గోల్స్ పోగొట్టాడు. మూడోదానికి మైదానం మెట్ల మీద కూర్చున్నవాళ్ళంతా "అయ్యో" అన్నారు. వాడి తండ్రి కూడా అన్నాడు. కాని లోపల సంతోషించాడు.

"మీవాడికి ఈరోజు కాలు కలిసి రావట్లేదండీ" అన్నాడు పక్కనున్న స్కూలు వ్యాన్ డ్రైవరు.

"ఈరోజేమిటి, రెండు వారాలుగా అంతే" అన్నాడు తండ్రి.

వసపిట్ట పదో తరగతి. ఆ పేరు బడిలో పెట్టింది. వాడి నోరు నిద్రలో తప్ప మూతపడదు. తండ్రి ఆస్పత్రిలో టెలిఫోన్ ఆపరేటరు. బడి, ఆస్పత్రి ఒకే దారిలో ఉండటంతో పదేళ్ళుగా తండ్రీకొడుకులు కలిసే నడిచారు. దారంతా మాటలే. ఏ కొట్టు తెరిచారు, ఎవరి గోడకి రంగు వేశారు, ఏ కుక్క ఎన్ని పిల్లల్ని పెట్టింది, అన్నీ చెప్పేవాడు. తల్లి పోయిన ఇంట్లో ఆ మాటలే సందడి.

ఫుట్‌బాల్ వచ్చి అదంతా పట్టుకుపోయింది. ఇప్పుడు పొద్దున్నే ప్రాక్టీసు. తండ్రికి తోడుగా పక్కింటి కంపౌండరు వస్తున్నాడు. మంచివాడే, కాని ఒట్టి ముంగి. సాయంత్రం కొడుకు ఇల్లు చేరి నాలుగు ముద్దలు తిని పడుకుంటాడు. మాట్లాడితే "సారు ఇలా అన్నారు, సారు అలా అన్నారు" అంతే. ఆ మాటా ఈమధ్య లేదు.

ఆ డ్రిల్లు మాస్టారి గొంతు వింటేనే తండ్రికి ఒళ్ళు మండుతోంది. తన పదేళ్ళనీ ఆయన పది వారాల్లో ఎత్తుకుపోయాడు.

విరామంలో మాస్టారే మెట్ల దగ్గరికి వచ్చాడు.

"ఏమనుకోకండి. మీవాడికి పరుగుంది, ఊపిరి ఉంది. అందుకే ముందు వరసలో పెట్టాను. బంతి కాళ్ళ దగ్గరికి వచ్చేసరికి గోల్ సంగతి వదిలేసి పక్కవాళ్ళకి కబుర్లు చెబుతాడు! నీ వెనక ఒకడున్నాడు, కుడివైపు ఖాళీ అంటూ. సోమవారం జట్టు జాబితా పంపాలి. రెండో సగంలోనూ ఇంతే అయితే తీసేయక తప్పదు."

"మీ ఇష్టం మాస్టారూ" అన్నాడు తండ్రి, వీలైనంత దిగులుగా.

వాణ్ని ఎక్కడ నిలబెట్టాలో తండ్రికి మొదటి రోజే తెలుసు. తెలిసీ ఇన్నాళ్ళూ నోరు విప్పలేదు. ఇంకొక్క అరగంట ఓపిక పడితే చాలు. సోమవారం నుంచి వాడు మళ్ళీ తనవాడు.

కొడుకు వచ్చి కింది మెట్టు మీద కూలబడ్డాడు. నీళ్ళు తాగాడు. మాట లేదు.

"ఏరా, నోరెక్కడ పారేసుకున్నావ్?"

"సారు మాట్లాడొద్దన్నారు నాన్నా."

"ఆటలోనే కదా?"

"అలవాటు పోవాలంటే ఇంట్లో కూడా తగ్గించమన్నారు."

తండ్రి పళ్ళు నూరాడు. ఇంట్లోకి కూడా వచ్చాడన్నమాట ఆ పెద్దమనిషి.

"పోనీలేరా. జట్టులోకి తీసుకోకపోతే ఏం చేస్తావ్?"

"ఏముంది, పొద్దున్నే నీతోనే వచ్చేస్తాను."

తండ్రి ఎదురుచూస్తున్నది ఆ మాట కోసమే. కాని ఆ గొంతు ఆయన ఇదివరకు ఒకసారి విన్నాడు. ఐదేళ్ళప్పుడు, అమ్మ ఎప్పుడొస్తుందని అడగటం మానేసిన రోజున వాడు అచ్చం ఇలాగే మాట్లాడాడు.

ఈల వినపడింది. కొడుకు లేచి వెళ్ళిపోయాడు.

"మాస్టారూ!" తండ్రి గట్టిగా కేకేశాడు. "ఒక్క నిమిషం. వాణ్ని ముందు పెట్టకండి. అందరికంటే వెనక, గోల్‌కీపరుకి ముందు నిలబెట్టండి. నోరు మాత్రం మూయించకండి."

"వెనక నిలబెట్టి అరిపించమంటారా?" మాస్టారు నవ్వాడు.

"అక్కణ్నుంచి వాడికి అందరూ కనపడతారు. ఎవరు ఎటు కదలాలో వాడు చెబుతాడు. బంతి తన్నటం కంటే వాడికి అదే బాగా వచ్చు."

"మీకెలా తెలుసు?"

"పదేళ్ళుగా వింటున్నానుగా."

 మాస్టారు వసపిట్టని పిలిచి వెనక్కి పంపాడు.

మొదట ఒక్క మాట బెరుకుగా వచ్చింది. తర్వాత ఇంకోటి. ఐదు నిమిషాల్లో మైదానమంతా వాడి గొంతే. "ఎడమకి జరుగు! ఆగాగు! ఇంకో రెండడుగులు! వదిలెయ్, అది బయటికే పోతుంది!"

"రేడియో పెట్టినట్టుందండీ!" డ్రైవరు పడీ పడీ నవ్వాడు. "ఇందాకటి నుంచి అవతలివాళ్ళకి ఒక్క సందు దొరకలేదు."

తండ్రి నవ్వలేదు. ఒక్కో కేకా తన ఇంట్లోంచి తీసి పదిమందికి పంచుతున్నట్టే ఉంది. ఆ పదిమందిలో ఒక్కొక్కడి మీదా అసూయ పుట్టింది. అయినా చివరి ఈల దాకా ఒక్క కేకనీ వదలకుండా విన్నాడు.

"మీరు చెప్పిందే నిజమైంది. జాబితాలో మొదటివాడు మీవాడే" అన్నాడు మాస్టారు. "కాకపోతే ఇకనుంచి రెండు పూటలా ప్రాక్టీసు. పంపిస్తారా?"

"పంపిస్తాను" అన్నాడు తండ్రి. 

సోమవారం పొద్దున కొడుకు ఆరింటికే బయల్దేరాడు. గుమ్మంలో ఆగి, "జాగ్రత్త నాన్నా" అన్నాడు.

"వెళ్ళరా వెళ్ళు. మీ సారు చెప్పినా సరే, నోరు మాత్రం మూయకు."

ఎనిమిదింటికి ఆయన తలుపుకి తాళం వేసి, కంపౌండరు కోసం ఆగకుండా, కొన్ననాటి నుంచీ అటక దిగని తెల్లకర్రని ముందుకు చాచి, పుట్టి ఇన్నేళ్ళయినా ఒక్కసారీ చూడని ఆ వీధిలోకి మొట్టమొదటిసారి ఒక్కడే అడుగుపెట్టాడు.