కంచం అబద్ధం చెప్పదు

“జొన్నరొట్టె తినేటోళ్లే లేరంట! ఎవురప్పా ఆ మాట కూసింది?”

కడపలోని ఆ కంపెనీ ఆఫీసు గాజు తలుపు తోసుకుని వస్తూనే స్వర్ణలత వేసిన కేకకు మేనేజరు వీరభద్ర కుర్చీలోంచి సగం లేచాడు. ఆమె వెనకాలే ఉరుకుందమ్మ దగ్గుకుంటూ వచ్చి గోడవారన నిలబడింది.

అరికాలి మంట నెత్తికెక్కదా మరి? బేతంచెర్లలో పదిమంది ఆడవాళ్లు నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీల్లో దుమ్ము మింగే పని మానేసి, స్వర్ణలత మాట నమ్మి రొట్టెల పనిలోకి వచ్చారు. పల్చగా తట్టి, కాల్చి, ఆరబెట్టిన జొన్నరొట్టెలు. నెలైనా చెడవు. కర్నూలు, కడప జిల్లాల్లో ప్రతి అంగట్లో వాటిని అమ్మిపెడతామని వెతుక్కుంటూ వచ్చింది ఈ కంపెనీయే. షెడ్డు వేయించింది కూడా. తీరా నిన్న పొద్దున ఒక్క ఫోను. రొట్టెలు వద్దు, మీ జనం జొన్న తినడం మానేశారు, మేం పులిహోర పొడి అమ్ముకుంటాం అని.

షెడ్డు మూతపడితే ఆ పదిమందీ మళ్లీ ఆ దుమ్ములోకే పోవాలి. ఉరుకుందమ్మకైతే డాక్టరు చెప్పనే చెప్పాడు, మళ్లీ ఆ పనికి పోతే ఊపిరితిత్తులు మిగలవని.

“కూర్చోండమ్మా” అన్నాడు వీరభద్ర.

“కూర్చునేదానికి రాలే. మా ఊర్లో తెల్లారితే రొట్టె తట్టే చప్పుడే. రాళ్ల గనికి పొయ్యే ప్రతి మనిషి సంచిలో రొట్టె, ఎర్రకారం ఉంటాది. మానేసినారని నువ్వెట్ల చెప్తాండావు?”

“అక్కా, ఒక మాట...” అంది ఉరుకుందమ్మ.

“నువ్వుండు!”

బస్సులోనూ ఇదే వరస. “ఇంటికెవురన్నా కొత్తోళ్లొస్తే...” అని ఉరుకుందమ్మ మొదలుపెట్టడం, స్వర్ణలత గద్దించడం. కోపంలో ఉన్న మనిషికి ఎదుటివాళ్ల మాట చెవికెక్కుతుందా?

అలాగని చెడ్డ మనిషేం కాదు. నోరు పెద్దదే గానీ, పెట్టే చెయ్యి అంతకంటే పెద్దది. ఆదివారం చర్చికి ఎవరు కొత్తగా వచ్చినా, పాస్టరమ్మ పలకరించేలోపే ఈమె చెయ్యి పట్టుకుని భోజనానికి ఇంటికి లాక్కుపోతుంది. అలాంటి మనిషికే తన ఊరి తిండి గురించి పాఠం చెబితే ఊరుకుంటుందా?

అంతలో ఆమె చూపు బల్ల మీద మూత తీసి ఉన్న టిఫిన్ క్యారియర్ మీద పడింది. అందులో జొన్నరొట్టె, వంకాయ కూర.

“మరి నువ్వు తింటాండేదేంది సార్? కాగితాలా?”

వీరభద్ర గబుక్కున మూత పెట్టాడు. “ఇది షుగరు కోసమమ్మా. డాక్టరు తినమన్నాడు. నేనొక్కణ్ణి తింటే వ్యాపారం నడుస్తాదా?”

“మా ఊరంతా తింటాది కదప్పా!”

“చూడండమ్మా, మేం గాలి మాటలు చెప్పం. ఏం తింటారని జనాన్ని అడిగితే, ఎదుటోళ్లకు నచ్చేది చెప్తారు. అందుకే మేం అడగం. మా మనిషి ఊర్లో కలిసిపోతాది. కంపెనీ పేరెత్తదు. ఇండ్లలో వాళ్లతో పాటు కూర్చుని తింటాది, అంతే. నోరు అబద్ధం చెప్తాది, కంచం చెప్పదు. మీ బేతంచెర్లలో ఏ ఇంట్లో కూర్చున్నా కంచంలోకి వచ్చింది వరి అన్నమే. రొట్టె ముక్క కంటికి కనపళ్లేదంట.”

“ఇండ్లలో దూరి కంచాలు చూస్తారా? సిగ్గు లేదా మీకు?”

స్వర్ణలత కోపం అక్కడ ఆగలేదు. కంపెనీ మీది నుంచి సొంత ఊరి మీదికి మళ్లింది.

“నాకిప్పుడు అర్థమైతాండాది. పూటకు నాలుగు రొట్టెలు నమిలి, పరాయి మనిషి కనపడేసరికి దాచిపెట్టినారు! తినే కూడు చూపించుకునేదానికి అంత నామోషీనా? పరువంట పరువు! పదిమంది నోటికాడి కూడు తీసినారు కదప్పా. ఇదో, దీని దగ్గు వినబడతాండాదా నీకు? రేపు దీని ప్రాణానికేమన్నా అయితే ఆ దాచినోళ్లు తెచ్చిస్తారా?”

ఉరుకుందమ్మ కొంగు పట్టుకుని లాగింది. “అక్కా, పోదాం పాక్కా. ఈ గొడవ వద్దు.”

“పోయేదే లేదు. ఏ ఇల్లో తేలాల. సార్, ఆ ఇల్లేదో చెప్పు. ఊరంతా వినేటట్టు వాళ్ల గడప ముందర నిలబడి కడిగేయకపోతే నా పేరు స్వర్ణలతే కాదు!”

వీరభద్ర తల పట్టుకున్నాడు. ఈ గాలివాన తన నెత్తి మీది నుంచి పక్కకు పోతే చాలనిపించింది.

“అన్ని ఇండ్లు నాకు తెలీవమ్మా. మొదట భోంచేసిన ఇంటి గురించి మాత్రం మేం పంపిన పాప శానా చెప్పింది. ఆ ఇంటి తిండి చూసినాకే మాకు నమ్మకం కుదిరింది. పాప పక్క గదిలోనే ఉండాది. పిలుస్తా, మీరే అడగండి.”

“పిలువు. మొదట దాన్ని కడిగి, తర్వాత ఆ ఇంటోళ్లను కడుగుతా.”

వీరభద్ర బెల్లు నొక్కాడు. స్వర్ణలత కొంగు నడుముకు బిగించి తలుపు వైపు తిరిగింది. ఉరుకుందమ్మ కళ్లు మూసుకుంది.

తలుపు తీసుకుని, “ఆంటీ, మీరా!” అని ముఖమంతా నవ్వుతో లోపలికొచ్చింది నిస్సీ, పోయిన నెల చర్చి నుంచి చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకెళ్లి, రొట్టెల గంపను మంచం కిందికి తోసేసి, స్వర్ణలత తన చేత్తో సన్నబియ్యం వండి కొసరి కొసరి వడ్డించిన పిల్ల.