లంబసింగిలో కక్ష్యావేగం

లంబసింగిలో టీకని ఆగిన బస్సు ఎంతకీ కదలడం లేదు.

డ్రైవర్ కనిపించడం లేదు. పది నిమిషాలన్నది అరగంట దాటింది. బయట మంచు ఎలా ఉందంటే, నాలుగడుగుల అవతలున్న టీకొట్టు కూడా కనబడదు. కండక్టర్ ఆ మంచులో పడి "డ్రైవరన్నా!" అని అరుచుకుంటూ తిరుగుతున్నాడు. ఫోన్ చేద్దామంటే సిగ్నల్ లేదు.

హేమలతకి పది గంటలకి చింతపల్లిలో ఫిజిక్స్ పరీక్ష. పోయిన సెమిస్టర్‌లో ఇదే పేపరు పోయింది. ఈసారీ పోతే చదువు మాన్పించి కాఫీ పళ్లు కోయడానికి పంపిస్తానని వాళ్ల నాన్న ముందే చెప్పేశాడు. కూర్చుని ఏడ్చేకన్నా ఒక్క లెక్కయినా గట్టి చేసుకుందామని, ఆవిరి పట్టిన కిటికీ అద్దం మీద వేలితో భూమిని గీసింది. దాని చుట్టూ ఇంకో గుండ్రం గీసింది.

"ఏటమ్మా అది?" వెనక సీట్లోంచి మంకీ క్యాప్ పెట్టుకున్న ఒకాయన టీ గ్లాసుతో సహా ముందుకు వంగాడు.

"అంతరిక్ష నౌక బాబాయ్. నాలుగొందల కిలోమీటర్ల ఎత్తులో భూమి చుట్టూ తిరుగుతోంది. దాని వేగం కట్టాలి."

"డీజిల్ ఎవులు పోస్తారు?"

"అక్కర్లేదు. ఒకసారి ఆ వేగం అందుకుంటే, ఇంజన్ ఆపేసినా తిరుగుతూనే ఉంటుంది."

"ఇంజన్ ఆపేసా!" ఆయన గ్లాసు కింద పెట్టేశాడు. "మరి గుండ్రంగా తిరగాలంటే స్టీరింగు తిప్పొద్దా?"

"భూమే లాగి తిప్పుతుంది."

పక్క సీట్లో కోళ్ల బుట్ట ఒళ్లో పెట్టుకున్న సవరమ్మ ఊరుకోలేకపోయింది. "లాగితే కింద పడిపోదేటి గుంటా?"

"పడుతూనే ఉంటుంది మామ్మా. కానీ అది ముందుకెళ్లే జోరుకి, పడేలోపు భూమి కూడా కిందికి ఒంగిపోతుంది."

"అంటే పడతాది గానీ నేల తగల్దు," అంది సవరమ్మ. "మా ముసలోడు జీలుగు కల్లు తాగి నడిసినట్టు."

బస్సంతా నవ్వింది. మంకీ క్యాప్ ఆయన మాత్రం నవ్వలేదు.

"కట్టమ్మా, కట్టు. ఎంత స్పీడో తేలకపోతే నాకు మనసు నిలవదు."

హేమలత కట్టింది. సెకనుకి ముప్ఫై ఒకటిన్నర కిలోమీటర్లొచ్చింది. "అయ్యో, తప్పు," అని తనే నాలిక్కరుచుకుంది. "దూరం నేల మీంచి కాదు, భూమి మధ్యలోంచి కొలవాలి." అంతా చెరిపేసి మళ్లీ మొదలెట్టింది. అద్దం చాలలేదు. సవరమ్మ కోళ్లతో సహా జరిగి తన కిటికీ ఇచ్చింది.

బయట కండక్టర్ గొంతు బొంగురుపోయింది. "డ్రైవరన్నా! జనం నన్ను తన్నేలాగున్నారు, బేగి రా!"

"ఒక్క నిమిషం ఆగలేరు మనుషులు," మంకీ క్యాప్ ఆయన విసుక్కున్నాడు. "నువ్వు కానియ్యి తల్లీ."

"తొమ్మిది దాటిపోయింది బాబాయ్." హేమలత కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఆ డ్రైవరెవడో గానీ, నా చదువు తీసేసేలా ఉన్నాడు."

"వస్తాడమ్మా, ఎక్కడికి పోతాడు? ముందు లెక్క చూడు."

ముక్కు చీదుకుని క్యాలిక్యులేటర్ నొక్కింది. సెకనుకి ఏడు పాయింట్ ఆరు ఏడు కిలోమీటర్లు. పుస్తకం వెనక జవాబు చూసుకుంది. సరిపోయింది! బస్సులో అందరూ చప్పట్లు కొట్టారు. ఎందుకో తెలీకపోయినా సవరమ్మ కూడా కొట్టింది.

"అంటే ఇక్కణ్నుంచి చింతపల్లికి మూడు సెకన్లు పట్టదు," అంటూ ఆయన తృప్తిగా లేచి నిలబడ్డాడు. "హమ్మయ్య, ఇప్పటికి నిమ్మళించింది."

ఆ మాటంటూనే కాళ్లూ బుట్టలూ దాటుకుంటూ ముందుకెళ్లి, డ్రైవర్ సీట్లో కూర్చుని, గట్టిగా హారన్ మోగించి, "నీ కోసం ఎంతసేపయ్యా చూడ్డం?" అని కండక్టర్ మీద కేకలేశాడు.