నీళ్లు కదలని మూల

“ఇంకా చాల్లేదంటున్నారు,” అంది ఆమె.

హాల్లో మంచం మీద ఆయన రెప్పలు అప్పుడే రెండుసార్లు పడ్డాయి. ఒకసారి పడితే అవును, రెండుసార్లు పడితే కాదు. మెడ కింద నుంచి చచ్చుబడి, మాట కూడా పడిపోయిన మనిషికి మిగిలిన భాష అదొక్కటే. ఆ రెప్పలు కూడా ఇక ఎక్కువ రోజులు మాట వినవని డాక్టరు మొహం మీదే చెప్పేశాడు.

మోచేతుల దాకా ఉప్పునీళ్లలో ఉన్న అక్వేరియం మెకానిక్ నిట్టూర్చాడు. “పైపు నాజిల్‌ని ఆ మూలకే తిప్పానక్కా. ఇంకెంత తిప్పను? దాని మెడ విరిగిపోతుంది.”

“ఆయన చూపు చూడు తమ్ముడూ. పొద్దున కళ్లు తెరిచింది మొదలు ఆ మూలే. వేరే చోటికి తిరగదు.”

హాలుకీ వంటగదికీ మధ్య అడ్డుగోడకు బదులు నిలబెట్టిన పొడుగాటి గాజు తొట్టి అది. నిండా రాళ్లు, రాళ్ల నిండా పగడాలు. అన్నీ ఆయన చేత్తో అతికించి పెంచుకున్నవే. ఎడమ మూల ఒక్కటే బోడిగా ఉంది. పగడం కదల్లేదు పాపం, దానికి కావలసిన తిండి నీటి ఊపే మోసుకొచ్చి పెట్టాలి. ఆ మూలకి ఊపు అందక అడుగున మురికి పేరుకుపోయింది, అక్కడివన్నీ తెల్లబడి చచ్చి రాలిపోయాయి. ఇప్పుడు పక్కవాటికీ ఆ తెలుపు పాకుతోంది.

ఆమెకు పగడాల గురించి ముక్క తెలియదు. కానీ ఆయన కళ్లు ఆ బోడి మూల దగ్గరే ఆగిపోయేవి. ప్రాణంలా పెంచుకున్నది ఎదురుగానే పోతుంటే, చెప్పుకోడానికి నోరైనా లేక ఎంత కుమిలిపోతున్నారో అనుకునేది. ఆయన్ని బాగుచేయడం ఎలాగూ ఎవరి చేతా కాదు. కనీసం ఆ మూలనైనా బాగుచేయించాలి.

మెకానిక్ చేపల మేత చిటికెడు తీసి మూలలో వేశాడు. అది అటూ ఇటూ ఊగకుండా తిన్నగా కిందికి దిగిపోయింది.

“చూశారా? ఇక్కడ నీళ్లు నిద్రపోతున్నాయి,” అని పంపు వేగం పెంచాడు. ఇసుక లేచి తొట్టంతా మసకబారింది, చేపలు కంగారుగా రాళ్ల సందుల్లో దూరాయి.

“ఏమండీ, ఇప్పుడు బాగుందా?”

రెండుసార్లు.

“బావగారు గట్టివారే. ఒక పట్టాన ఒప్పుకునే రకం కాదు,” అని మెకానిక్ నవ్వబోయాడు. ఆమె నవ్వకపోయేసరికి మానేశాడు. “సరే, ఆఖరి మందు ఒకటుంది. ఆ మూలలోనే గాజుకి ఇంకో పంపు బిగిస్తాను. అటు నుంచి ఒకటి, ఇటు నుంచి ఒకటి ఊదితే రెండు ప్రవాహాలూ ఢీకొని నీళ్లు సుళ్లు తిరుగుతాయి. అక్కడ ఓ రాయి కూడా నిలబెట్టి కొత్త పగడాలు అతికిద్దాం. ఖాళీ అన్నది కనిపించకూడదు.”

“ఏదో ఒకటి చెయ్యి నాయనా.”

చేశాడు. ఈసారి వేసిన మేత చిటికెలో తొట్టంతా చుట్టేసింది. ఎన్నాళ్లుగానో ముడుచుకున్న పగడాలు కాసేపటికి మెల్లగా వేళ్లు విప్పాయి. ఎడమ మూలలో నల్లటి పంపు, దాని ముందు బలమైన రాయి, రాతి మీద ఊగుతున్న ఊదారంగు కుచ్చులు. ఆమెకే చూడముచ్చటగా అనిపించింది.

“ఏమండీ, చూడండి! మీ తోట బతికింది!”

ఆయన కళ్లు తొట్టి ఈ చివర నుంచి ఆ చివరికి వెళ్లాయి. మళ్లీ వెనక్కి వచ్చాయి. మళ్లీ వెళ్లాయి. రెప్పలు రెండుసార్లు పడి, ఆ తర్వాత మూతబడ్డాయి.

“ఇంతకు మించి నా వల్ల కాదక్కా,” అని మెకానిక్ చేతులు తుడుచుకుని సామాను సర్దుకోసాగాడు.

ఆమెలో ఉన్న ఆ కాస్త ఓపికా జారిపోయింది. మంచం పక్కన కూలబడి, ఆయన దిండు మీదే తల వాల్చి ఏడ్చింది. వండటం, తుడవటం, ఉతకటంలో పడి ఇలా పక్కన చేరి ఎన్నాళ్లయిందో. “ఇంకేం కావాలండీ మీకు? నాకెలా తెలుస్తుంది?”

ఆయన కళ్లు తెరిచారు. చూపు మళ్లీ ఆ మూలకే వెళ్లింది. ఆమె కన్నీళ్లు తుడుచుకుని, దిండు మీద నుంచి తల ఎత్తకుండానే, అటే చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత దిగ్గున లేచింది.

“తమ్ముడూ, ఆ పంపు తీసెయ్. రాయి కూడా.”

“అదేంటక్కా! ఇప్పుడే కదా విచ్చుకున్నాయి! తీసేస్తే ఆ మూలే కాదు, వరసగా అన్నీ పోతాయి.”

“పోనీ.”

“ఆయన ప్రాణమంతా అందులోనే ఉందన్నారు కదా?”

“అన్నాను. తీసెయ్యి బాబూ, నీకు పుణ్యముంటుంది.”

అతను తల అడ్డంగా ఊపుకుంటూనే పంపు ఊడదీశాడు, రాయి పైకి లాగాడు. సుళ్లు ఆగిపోయాయి. మూల మళ్లీ బోడిగా, తేటగా మిగిలింది. కుచ్చులు ఒక్కొక్కటే ముడుచుకోవడం మొదలుపెట్టాయి.

ఆమె వాటి వైపు చూడలేదు. గబగబా వంటగదిలోకి వెళ్లి, రోజూ నిలబడే చోట పొయ్యి ముందు నిలబడి, ఆ ఖాళీ మూలలోంచి ఆయన మంచం వైపు చూస్తూ అడిగింది:

“ఏమండీ, ఇప్పుడు కనిపిస్తున్నానా?”