సద్ది లేని సీను

చీకట్లో ఎవరో సతీశ్ చేతిలో బత్తాయి తొనలు పెట్టారు.

ఉలిక్కిపడి పక్కకు చూశాడు. ఒక ముసలామె. ఎప్పుడు వచ్చి కూర్చుందో అతను గమనించలేదు.

"తిను బిడ్డా. పొద్దటి సంది ఏం తిననట్టున్నవు," అంది మెల్లగా, తెర మీది నుంచి చూపు తిప్పకుండానే.

నిజమే. టీ కూడా తాగలేదు. తొనలు నోట్లో వేసుకున్నాడు. సతీశ్ తీసిన మొదటి సినిమా శుక్రవారం విడుదల. జనం ఏమంటారో తెలుసుకుందామని నార్కట్‌పల్లి థియేటర్లో పొద్దుటాట ఉచితంగా వేయించాడు.

గొర్రెలు కాసుకుంటూ డోలు పట్టి, ఒగ్గు కథ చెప్పి ఊరూరా పేరు తెచ్చుకున్న గుర్వయ్య జీవితం అది. గుర్వయ్య ఇప్పుడు లేడు. ఆయన అన్న కొడుకు భిక్షపతి చెప్పిన ముచ్చట్లతోనే సతీశ్ కథ అల్లుకున్నాడు. సినిమాకంతా ఆయువుపట్టు ఒకే సీను. జోరువానలో భార్య సోమమ్మ మొగుణ్ణి గెంటేసి తలుపు వేసుకుంటుంది. ఆకలితో పక్క ఊరి దాకా నడిచి, జాతరలో గుర్వయ్య మొదటిసారి కథ ఎత్తుకుంటాడు.

సోమమ్మ ఎప్పుడో చనిపోయిందని భిక్షపతి చెప్పాడు. సతీశ్ ఊళ్ళో ఇంకెవరినీ అడగలేదు. అడిగితే ఎవరైనా అడ్డు చెబుతారేమోనని భయం.

తెర మీద తలుపు మూసుకుంది. వెనక వరసలో ఎవరో, "గిది ఆడిదేనా?" అన్నారు. ముసలామె కొంగు సర్దుకుంది.

ఆట వదిలాక సతీశ్ గేటు దగ్గర నిలబడ్డాడు. రెండో సగం కొంచెం కత్తిరిస్తే బాగుంటుందని కొందరన్నారు. ఏడిపించావని ఒకాయన చెయ్యి పట్టుకుని ఊపాడు. రిటైరైన లెక్చరర్ ఒకాయన మాత్రం ఆగి, నవ్వుతూనే అడిగాడు.

"జీవితకథల సినిమాలన్నీ చూస్త నేను. మనిషిని పెద్దగ చెయ్యాల్నంటే ఇంట్లోళ్ళను చిన్నగ చెయ్యాల్నా బాబూ?"

ఆయన వెళ్ళిపోయాడు. ఆ మాట మాత్రం సతీశ్ గుండెలో ముల్లులా దిగబడింది. ఆ సీను అబద్ధమైతే? చుట్టాలెవరైనా కోర్టుకు పోతే? గొడవంటూ వస్తే సినిమా ముట్టనని డిస్ట్రిబ్యూటర్ ముందే చెప్పేశాడు.

అందరికన్నా చివర ముసలామె గోడ పట్టుకుని మెట్లు దిగింది.

"ఎట్లున్నది అవ్వా సినిమా?"

"మంచిగున్నది బిడ్డా. నడక అచ్చం ఆయనదే."

"గుర్వయ్య నీకెరుకనా?"

"ఎందుకెరుకలేదు? మాది గా ఊరే."

"మరి సోమమ్మ... నిజంగనే గట్ల గెంటిందా?"

ఆమె చేతిసంచి ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకుంది.

"గెంటింది. తిట్టింది. డోలు గుడ వానల పారేసింది. ఈయన కథ నేర్చుకుంట కూసుంటే మందల తోడేలు పడె. కోపం రాదా?"

సతీశ్ గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాడు. గోడ పక్కింటామె అయి ఉంటుంది, అంతా కళ్ళారా చూసింది, ఇక భయం లేదు అనుకున్నాడు.

"ఒక్కటే తప్పుంది బిడ్డా. ఉపాసం పంపలే. జొన్నరొట్టె, తొక్కు సద్ది కట్టి గొంగడి మూలకు ముడేసింది. గప్పుడు గెంటింది."

సతీశ్ నవ్వాడు. "గెంటేటోళ్ళు సద్ది కడ్తరా అవ్వా?"

"కడ్తరు బిడ్డా."

"ఆకలితో నడిస్తెనే జనం ఏడుస్తరు. సద్ది ఉంటే సీను పడిపోతది."

ఆమె ఆ మాట గురించి నిజంగానే ఆలోచించింది.

"ఆయనకు పేరొస్తదంటే సోమమ్మను ఎంతన్న తిట్టనియ్యి, ఏంగాదు. సద్ది మాత్రం పెట్టు. ఆయన కడుపు మాడ్చుకోని పోయిండంటే మంచిగనిపియ్యలే."

"చూస్తలే అవ్వా," అన్నాడు సతీశ్. బస్సు దాకా చెయ్యి పట్టుకుని నడిపించాడు. ఆమె కూర్చునేదాకా కండక్టర్ విజిల్ వేయలేదు.

ఆ మధ్యాహ్నం సతీశ్ కడుపునిండా తిన్నాడు. సీను జోలికి మాత్రం పోలేదు.

సినిమా ఆడింది. తలుపు మూసుకునే ఆ ముక్క ఫోన్లలో ఊరూరా తిరిగింది. కోపిష్టి పెళ్ళాన్ని 'సోమమ్మ' అనడం కుర్రాళ్ళకు అలవాటైపోయింది.

మొక్కు తీర్చుకున్నట్టుంటుందని సతీశ్ కొబ్బరికాయ పట్టుకుని గుర్వయ్య ఊరికి వెళ్ళాడు. పొలం గట్టున సమాధి. దాని మీద చిన్న గుడ్డమూట. అప్పుడే దాన్ని పెట్టి, కాకులు రాకుండా పైన రాయి సర్దుతున్న ఆడమనిషి తన పేరు పుష్పమ్మ అని చెప్పింది.

"ఏందమ్మా అది?"

"సద్ది సార్. రోజు సోమమ్మ పెడుతుండె. ఊరిడిసి పోంగ నాకప్పజెప్పింది."

కాయ సతీశ్ చేతిలోనే ఉండిపోయింది. "సోమమ్మ బతికే ఉన్నదా?"

భిక్షపతికి చిన్నమ్మతో మాటల్లేవని, చచ్చిందనే అందరికీ చెబుతాడని పుష్పమ్మ చెప్పింది. సినిమా వచ్చినప్పటి నుంచి రేషన్ షాపు దగ్గర, బస్టాండ్‌లో ప్రతివాళ్ళూ ఆమెను ఆపి, మొగణ్ణి ఉపాసం వెళ్ళగొట్టినావట గదా అని అడిగేవాళ్ళట. తట్టుకోలేక మేళ్లచెరువులో చెల్లెలి ఇంటికి వెళ్ళిపోయిందట.

"నా మీద... సినిమా తీసినోళ్ళ మీద కోపమున్నదా ఆమెకు?"

"లేదు సార్. డైరెక్టరు పిల్లగాడు మంచోడట, నార్కట్‌పల్లి టాకీసుల ఆమె ఇచ్చిన బత్తాయి తొనలు తిన్నడట, సద్ది పెడ్తనని గుడ మాటిచ్చిండట, పాపం పనులల్ల పడి మరిచినట్టున్నడు అన్నది."