మునకమ్మ

ఆవిడ మళ్లీ పడింది.

పడటం కూడా ఎప్పటి చోటే, జలాశయంలో తేలే పసుపు డ్రమ్ము పక్కనే.

జెట్టీ మీద నిలబడి చూస్తున్న శిక్షకుడు తల పట్టుకున్నాడు. గేటు కాపలాదారు పళ్లికిలించాడు.

"మునకమ్మ మునిగింది సార్. మనం వెళ్లి టీ తాగి రావచ్చు."

"నోరు ముయ్యవయ్యా."

శిక్షకుడికి నవ్వే ఓపిక లేదు. తెరచాప బిగించిన బోర్డు మీద నిలబడి గాలివాటున సాగడం నేర్పే విండ్‌సర్ఫింగ్ స్కూలు అది. చలికాలమంతా మూతపడి తెరుచుకున్నాక అందులో చేరినది ఆవిడ ఒక్కతే. యజమాని ఫోనులో తేల్చి చెప్పేశాడు.

"ఒక్కరైనా డ్రమ్ము చుట్టూ తిరిగి, పడకుండా వెనక్కి వచ్చిన వీడియో పంపు. ప్రకటన వేద్దాం. లేదా, బోర్డులు అమ్మేస్తాను."

జనం రాకపోవడానికి కారణం ఊరంతటికీ తెలుసు. కిందటి సీజను ఆఖరి రోజున, ఆఖరి బోర్డు మీద వెళ్లిన యువకుడు తిరిగి రాలేదు. అతను లైఫ్ జాకెట్ బకిల్ పెట్టుకోలేదు. పెట్టుకున్నాడో లేదో శిక్షకుడు చూడలేదు. డ్రమ్ము దగ్గర గాలి మారి తెరచాప అతని మీదికి వాలింది. జాకెట్ మాత్రం తేలింది. గజ ఈతగాళ్లు వెతికి వెతికి, చలి ముదిరాక చేతులెత్తేశారు.

ఆ ఇంటికి యజమానే వెళ్లి పలకరించి వచ్చాడు. శిక్షకుడికి ఆ గడప తొక్కే ధైర్యం చాలలేదు.

నాటి నుంచి అతను నీళ్లలోకి దిగలేదు. చలికాలం గడిస్తే భయమూ గడుస్తుందనుకున్నాడు. ఎండలు వచ్చాయి, అతని కాళ్లు మాత్రం జెట్టీ అంచు దాటలేదు. పాఠాలన్నీ గట్టు మీది నుంచి అరుపులతోనే. ఒక్క మనిషిని సురక్షితంగా తిప్పి తీసుకురాగలిగితే తానూ మళ్లీ బోర్డు ఎక్కగలడని ఒక ఆశ. ఆ ఆశ కాస్తా వెళ్లి ఈ మనిషి మీద పడింది.

విచిత్రమేమిటంటే, డ్రమ్ముదాకా ఆవిడ బాగానే వెళ్తుంది. యాభై దాటిన మనిషి అనిపించదు. అక్కడికి చేరగానే పడుతుంది. మలుపు రాక తడబడుతోందని అతని నిర్ణయం.

చేరిన రోజున, కాలు జారకుండా స్కూలు ఇచ్చే రబ్బరు బూట్లు తొడుక్కుంటూ ఆవిడ అడిగిన ప్రశ్నలు కూడా పిరికివాళ్లు అడిగేవిలాగే ఉన్నాయి.

"డ్రమ్ము దగ్గర లోతెంత బాబూ?"

"ఎండలకు నీళ్లు తగ్గాయి, ఇప్పుడు రెండు నిలువులు."

"అడుగున ఏముంటుంది?"

"బురద. భయపడకండమ్మా, అడుగుదాకా ఎవరూ పోరు."

ఆవిడ అతని ముఖంలోకి చూసింది. రెండో బూటు తొడుక్కుంది.

ఇవాళ ఆవిడ తల పైకి రావడానికి చాలాసేపు పట్టింది. వచ్చాక చూస్తే ఒంటి మీద జాకెట్ లేదు. బోర్డు మీద పడి ఉంది.

శిక్షకుడు జెట్టీ అంచుదాకా పరుగెత్తి ఆగిపోయాడు.

బోర్డు మీద బోర్లా పడుకుని, చేతులతో నీళ్లు తోసుకుంటూ ఆవిడ జెట్టీ చేరింది. జాకెట్‌ను చుట్టి చంకలో ఇరికించుకుని మెట్లెక్కింది. పెదాలు నీలం తిరిగాయి.

"జాకెట్ ఎందుకు విప్పారు?"

"అది పైకి లాగేస్తోంది బాబూ."

"పైకి లాగడానికేనమ్మా దాన్ని కుట్టింది!"

కాపలాదారు కిసుక్కున నవ్వాడు.

"ఇవాళే కాస్త పట్టు దొరికింది. ఇంకొక్కసారి వెళ్లనివ్వండి."

"పట్టు దొరికినవాళ్లు పడతారా ఎక్కడైనా?" అన్నాడు శిక్షకుడు. "నా చేతిలో ఒక ప్రాణం పోయింది, చాలు. రేపటి నుంచి రావద్దు. ఆ మలుపు మీకు ఈ జన్మలో రాదు."

ఆవిడ డ్రమ్ము వైపు తిరిగి చూసింది.

"సరే. మీ స్కూలువి మీకు అప్పగించి వెళ్తాను."

బట్టలు మార్చుకుని గేటు దాకా వెళ్లిన మనిషి ఆగింది.

"మీరూ ఒకసారి దిగండి బాబూ. పైనుంచి చూస్తే ఏమీ తెలియదు."

"అబ్బో, సార్‌కే పాఠం!" అన్నాడు కాపలాదారు, ఆవిడ వెనక గేటు మూస్తూ.

శిక్షకుడు యజమానికి ఫోను చేశాడు.

"బోర్డులు అమ్మేయండి సార్. నా వల్ల కాదు."

తరువాత సర్దడానికి గదిలోకి వెళ్లాడు. బల్ల మీద జాకెట్, దాని పక్కన బూట్లు. స్కూలు బూట్లన్నిటి మడమలకూ ఎర్ర రంగు ఉంటుంది. దొంగతనాలు జరక్కుండా అతనే వేసిన గుర్తు. ఒకటి తీసి అరలో పెట్టాడు. రెండోది పెట్టాడు.

బల్ల మీద ఇంకా ఒకటి మిగిలింది.

అది మగవాళ్ల కొలత బూటు. నిండా నల్లటి బురద. వేలితో మడమ తుడిచాడు. ఎర్ర రంగు బయటపడింది.

కిందటి సీజను ఆఖరి రోజు నుంచి అరలో ఒకే ఒక్క జత చోటు ఖాళీ.

అతను గేటు దాకా పరుగెత్తాడు. ఆవిడ ఎక్కిన బస్సు మలుపు తిరిగిపోయింది.

ఆ ఇంటికి వెళ్లొచ్చిన రోజున యజమాని అన్న మాట ఇప్పుడు వచ్చి చెవిలో పడింది: "వాళ్లమ్మ ఏడవలేదయ్యా. ఏ చోట అని ఒక్కటే అడిగింది."

ఇన్నాళ్లలో ఆవిడ ఒక్కసారి కూడా పడలేదు, ప్రతిసారీ దిగింది.