ఓడెక్కిన అవ్వ

సోలార్ ప్యానెళ్ళు కడిగే ఆడవాళ్ళందరూ ఫొటోకు వరసగా నిలబడ్డారు.

నరసక్క మాత్రం నీళ్ళ ట్యాంకర్ పక్కనే ఉండిపోయింది.

"ఆమెనూ రమ్మనండి" అంది హన్నా. ఆస్ట్రేలియా నుంచి సోలార్ పార్కు చూడడానికి వచ్చిన ఇంజనీరు ఆవిడ.

వెంట ఉన్న శిల్పశ్రీ అక్కడి ఆఫీసు ఉద్యోగి. పుట్టి పెరిగింది పక్కనున్న రాయచెర్లులోనే.

"ఆమె వద్దు మేడం. దొంగతనం చేసి జైలుకెళ్ళొచ్చిన మనిషి."

ఇంగ్లీషులోనే చెప్పింది. అయినా ఆ ఆడవాళ్ళను పనిలో పెట్టుకున్న, పావగడ నుంచి వచ్చే మేస్త్రీ ఓబులేశ్ చెవిలో 'జైలు' అన్న మాట పడనే పడింది.

"ఏంది? ఆయమ్మ జైలుకు పోయినాదా?"

"నీకు తెలీదా అన్నా? మా ఊర్లో జైలు నరసక్క అనే అంటారు."

ఓబులేశ్ మొహం ముడుచుకున్నాడు. హన్నా ఫోను దించేసింది.

"ఏం దొంగిలించింది?"

"కరువులో, సావుకారి కొట్టులోంచి రాగుల మూట."

హన్నా నరసక్క వైపు చూసింది.

"మా ముత్తవ్వకు అవ్వ కూడా దొంగే. లండన్‌లో దుప్పటి దొంగిలించింది, చలికి వణికే చంటిబిడ్డ కోసం. ఆస్ట్రేలియా పోయే ఓడ ఎక్కించారు. ఓడ నిండా అలాంటి ఆడవాళ్ళే. బిడ్డ ఒడ్డునే ఉండిపోయింది. మళ్ళీ కళ్ళచూడలేదు. నాకు ఆ అవ్వ పేరే పెట్టారు."

శిల్పశ్రీ ఆమె వైపు తిరిగింది. దొంగ పేరు బిడ్డకు పెట్టుకుంటారా!

"సిగ్గనిపించదా మేడం?"

"మా నాన్నమ్మ దాచేది. మేము దాచడం లేదు."

హన్నా నడిచివెళ్ళి నరసక్క చెయ్యి పట్టుకుంది.

"ఏమంటుండాది పాపా ఈయమ్మ?" అంది నరసక్క బెదురుగా.

శిల్పశ్రీ అంతా చెప్పింది. ఓడ సంగతి, బిడ్డ సంగతి.

"ఆ బిడ్డకు పాలు ఎవరిచ్చినారంట?"

నరసక్క అడిగింది అదొక్కటే.

మరునాడు నరసక్క పనిలో లేదు.

"నిన్న సాయంత్రమే పంపించేసినా" అన్నాడు ఓబులేశ్. "నువ్వు చెప్పింది మంచిదాయె. దొంగల్ని పెట్టుకుంటే నా కాంట్రాక్టు పోతాది."

శిల్పశ్రీ స్కూటీ తీసుకుని రాయచెర్లుకు పరుగెత్తింది. నరసక్క ఇంటికి తాళం వేసి ఉంది. ఎదురుగా, ఊళ్ళో షేర్ ఆటో నడిపే ముసలి దొడ్డయ్య బండి తుడుచుకుంటున్నాడు.

"తాతా, నరసక్క యాడికి పోయినాది?"

"పొద్దున్నే హొసకోటలో బస్సెక్కిచ్చినా. యాడికని చెప్పలే. ఇంగ రాదులే పాపా."

"నా వల్లే తాతా. జైలు సంగతి నేనే చెప్పేసినా."

దొడ్డయ్య చేతిలో గుడ్డ ఆగిపోయింది.

"నువ్వా?"

ఆమెను ఎగాదిగా చూశాడు.

"సచ్చిపోయేదాకా మీయమ్మ నీకు చెప్పనే లేదా?"

"ఏంది తాతా?"

"ఆ రాగుల మూట ఎత్తుకొచ్చింది మీయమ్మ. పోలీసోళ్ళు వచ్చేసరికి నువ్వు ఆమె రొమ్ము పట్టుకోనుండావు, అది చూసి 'ఎత్తింది నేనే సార్' అని నరసక్క జీపెక్కినాది."